ఇంజన్ విప్పిందెవరు

ఆదిశేషు స్కూటర్ ఆపి దుకాణంలోకి వచ్చేసరికి ఫెబీ ఒక ఇన్వర్టర్ బోర్డు మీద వంగి సోల్డరింగ్ చేస్తోంది. శనివారం పొద్దున పదకొండు గంటలు. మార్కాపురంలో కంభం రోడ్డు ఆ వేళకు కిటకిటలాడుతూ ఉంటుంది. పక్కనే టీ బంకు, దాని పక్కన బ్రహ్మం గడియారాల దుకాణం. ఆదిశేషు చేతిలో చెప్పుల డబ్బా అంత అట్టపెట్టె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టలేదు, విసిరాడు.

"తెరిచి చూడు," అన్నాడు.

తెరవకముందే ఫెబీకి వాసన తగిలింది. కాలిన ప్లాస్టిక్ వాసన. లోపల, తొమ్మిది రోజుల కిందట తన చేత్తో అప్పగించిన డీజిల్ ఇంజన్. జానెడు పొడవు బొమ్మ ఇంజన్. పైకప్పు మధ్యలో గోధుమ రంగు మచ్చ ఉబ్బి ఉంది.

"ఏమైంది అన్నా?"

"నన్నడుగుతున్నావా? నిన్న సాయంత్రం ఇంటికి ఇరవై మంది వచ్చినారు. వర్తక సంఘం వాళ్లందరినీ పిలిచినా, ఇంజన్ కూత వినిపిస్తానని. మీట నొక్కినానో లేదో పొగ. అందరూ నవ్వినారు."

"విప్పి చూస్తా ఉండండి."

"నువ్వు విప్పేదేం లేదు. బెంగళూరులో అమ్మినాయనకు ఫోన్ చేసినా. ఒరిజినల్ డీకోడర్ అయితే ఇట్ల కాలదన్నాడు. ఎవరో డూప్లికేట్ వేసి ఒరిజినల్ కొట్టేసినారన్నాడు."

ఫెబీ సోల్డరింగ్ గన్ను స్టాండులో పెట్టింది. "ఎవరో అంటే?"

"నువ్వు గాక ఇంకెవరు తాకినారు దాన్ని? దొంగతనం చేసేదానివి, నాకన్నా తెలియనోళ్ల దగ్గర చేయాల్సింది." గొంతు పెంచాడు. టీ బంకు దగ్గర నిలబడ్డ నలుగురూ ఇటు తిరిగారు. "పల్లెలోంచి వచ్చినోళ్లను నమ్మి మేడ మీదికి రానిచ్చినా. నాది బుద్ధి తక్కువ."

పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. ఫెబీ పక్కకు చూస్తే బ్రహ్మం కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్నాడు. ఆమె చూడగానే తల దించి చేతిలో గడియారం వైపు చూశాడు. అతను అంతా విన్నాడని ఫెబీకి తెలుసు.

ఫెబీది తర్లుపాడు దగ్గర పల్లె. తల్లి యేసుమణి ముప్పై ఏళ్లు రాతి పలకల కార్ఖానాలో కూలి చేసింది. ఆ కూలి మీదే ఫెబీ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, హైదరాబాదులో టీవీ బోర్డులు బాగుచేసే కంపెనీలో ఆరేళ్లు పనిచేసి, సొంతంగా దుకాణం పెట్టుకుందామని తిరిగి వచ్చింది. ఫోన్లు, ఇన్వర్టర్లు, బోరు మోటార్ల స్టార్టర్లు, ఏది తెచ్చినా కాదనకుండా చేసేది. ఆదిశేషుకు బజారులో హోల్‌సేల్ కిరాణా. గిద్దలూరు స్టేషన్ పక్కన పుట్టి పెరిగినవాడు. యాభై దాటాక మేడ మీద గది నిండా బల్లలు వేయించి, గిద్దలూరు నుంచి దిగువమెట్ట దాకా రైలు దారిని బొమ్మగా కట్టించుకున్నాడు. లైనంతా కరెంటు ఇంజన్లు వచ్చాక పాత డీజిల్ చప్పుడు వినబడడం లేదని, ఆ చప్పుడు ఆ బొమ్మ ఇంజన్‌లో రావాలని అతని పట్టు. దానికి డీకోడర్ అనే చిన్న చిప్పు బోర్డు తెప్పించాడు. వేలి గోరుకు రెండింతలు ఉంటుంది. పట్టాల్లో కరెంటుతో పాటు వచ్చే ఆజ్ఞలను అందుకుని, మోటారును తిప్పేదీ, దీపం వెలిగించేదీ, స్పీకరులో చప్పుడు పలికించేదీ అదే.

ఫెబీ అలాంటిది అంతకుముందు చేయలేదు. చేయలేదని చెప్పే తీసుకుంది. పది రోజులు ఇంటర్నెట్‌లో చదివి, వీడియోలు చూసి, ఇంజన్ విప్పింది. స్పీకరును ఉత్తగా పెడితే చప్పుడు డబ్బా మోగినట్లు వస్తోందని, దాని వెనక గాలి పోకుండా ప్లాస్టిక్ రేకుతో చిన్న పెట్టె కట్టింది. ఇంజన్ కదలకముందే లోపల బరువుగా గుడుగుడుమనాలని, ఆ తర్వాతే చక్రం తిరగాలని చిప్పులో లెక్కలు మార్చి మార్చి చూసింది. చిన్నప్పుడు తర్లుపాడు దగ్గర గూడ్సు బండి బయలుదేరే తీరు ఆమెకు గుర్తుంది. పని పూర్తయిన రోజు ఆదిశేషు ఆ చప్పుడు విని కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకనుంచి నన్ను సార్ అనొద్దమ్మా, అన్నా అను," అన్నది ఆ రోజే.

ఆ మనిషే ఇప్పుడు దొంగ అన్నాడు.

మధ్యాహ్నానికే మాట పాకింది. ఫోన్ ఇచ్చిపోయిన ఒకాయన తిరిగి వచ్చి, "నాకు వేరే పనేం లేదులేమ్మా, నా ముందరే చెయ్యి, నేనిక్కడే కూచుంటా," అన్నాడు. కూర్చుని ఆమె వేళ్ల వంక రెప్ప వేయకుండా చూశాడు. ఆ సాయంత్రం వచ్చినవాళ్లలో ఇద్దరు అలాగే కూర్చున్నారు. ఒకావిడ ఫోనులో ఏ ముక్క తీశావో, ఏ ముక్క వేశావో కాగితం మీద రాసిమ్మంది. ఫెబీ రాసిచ్చింది. రాస్తుంటే పెన్ను కాగితంలో దిగబడింది.

ఇంట్లో తల్లి విని, "పోనీలే తల్లీ. పాస్టరుగారితో చెప్తే ఆయన పోయి మాట్లాడతాడు," అంది.

"పాస్టరుగారు దేనికమ్మా? నేనేం పాపం చేసినా?"

"పెద్దోళ్లతో మనకు..."

"నువ్వు ముప్పై ఏళ్లు ఆ మాటే అన్నావు. నీకేం వచ్చింది?"

యేసుమణి లేచి వంటింట్లోకి వెళ్లింది. అన్నందుకు ఫెబీకి తన మీద తనకే కోపం వచ్చింది. అది కూడా ఆదిశేషు లెక్కలోకే చేరింది.

సోమవారం పొద్దున నేరుగా బజారుకు వెళ్లింది. ఆదిశేషు దుకాణంలో బెల్లం బుట్టలు దించుతున్నారు. ఏడెనిమిది మంది కొనేవాళ్లున్నారు. ఫెబీ గుమ్మంలోనే నిలబడింది.

"శెట్టిగారూ, ఆ ఇంజన్ ఇప్పించండి. మీ ముందరే విప్పుతా. నేను మార్చినానని తేలితే నన్ను పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోండి."

ఆదిశేషు ముఖం కందిపోయింది. "దుకాణంలో ఏంది ఈ గొడవ?"

"మీరు నా దుకాణంలో చేసింది ఏంది?"

కొనేవాళ్లు బేరాలు ఆపి చూస్తున్నారు. ఆదిశేషు గొంతు తగ్గించాడు. "సాయంత్రం ఐదుకు ఇంటికి రా."

"వస్తా. ఒక మనిషిని వెంటబెట్టుకుని వస్తా. మీరు ఆ మాట అన్నప్పుడు విన్నోళ్లు ఉన్నారు. విప్పేటప్పుడు చూసేటోళ్లు ఉండాల."

బ్రహ్మం మొదట ఒప్పుకోలేదు. "నాకెందుకమ్మా, ఆయనతో రేపు పనులుంటాయి," అన్నాడు.

"మీరు విన్నారా లేదా మామా?"

"విన్నా."

"వింటే చాలా? చూడొద్దా?"

బ్రహ్మం చేతులు తుడుచుకుని, భూతద్దం జేబులో వేసుకుని లేచాడు.

మేడ మీద గదిలో ఎండ పడుతోంది. బల్లల మీద నల్లమల కొండలు, దిగువమెట్ట స్టేషన్, గిద్దలూరు గేటు. కొండల అంచున మార్కాపురం పలకరాళ్ల ముక్కలు అతికించి ఉన్నాయి. ఆదిశేషు కుర్చీలో కూర్చున్నాడు, వాళ్లను కూర్చోమనలేదు. ఫెబీ పని బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఇంజన్‌ను దాని మీద పెట్టింది. పైకప్పు ఊడదీసింది. మసి పట్టిన డీకోడర్‌ను పట్టకారుతో పైకి లేపింది.

"మామా, అడుగున నంబరుంది. చదవండి."

బ్రహ్మం భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. "నాలుగు, ఒకటి, ఏడు, రెండు. ముందరివి కాలిపోయినయి."

ఫెబీ ఫోను తీసింది. ఏ బోర్డు చేతికి వచ్చినా మొదట ఫొటో తీయడం హైదరాబాదులో పడ్డ అలవాటు. ఫొటోలో కొత్త డీకోడర్, పక్కన ఆదిశేషు తెచ్చిచ్చిన కంపెనీ డబ్బా, ఆయన చేతి ఉంగరం కూడా ఒక మూల కనబడుతోంది. నంబరు చివర నాలుగు, ఒకటి, ఏడు, రెండు.

"మీరు ఇచ్చిందే ఇది. మార్చలే."

ఆదిశేషు ఫొటోను దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి చూశాడు. "మార్చలేదనుకో. అట్లయితే నీ పని సరిగా లేదు. కాలింది గదా."

"ఎందుకు కాలిందో కూడా చూద్దాం."

రెండు కొసల మధ్య కరెంటు దారి ఉంటే కీచుమనే మల్టీమీటర్ తీసింది. ఒక కొసను చక్రానికి ఆనించింది, ఇంకో కొసను మోటారు తీగకు. మీటర్ కీచుమంది. చప్పుడు ఆగకుండా మోగుతుంటే ఆమె చేయి కదల్చలేదు. గదిలో అందరికీ వినబడాలనే అలా పట్టుకుంది.

"ఇది మోగకూడదు. కరెంటు పట్టాల నుంచి చిప్పులోకి పోవాల, చిప్పు నుంచి మోటారుకు పోవాల. మోటారు కొస ఒక్కటైనా ఇంజన్ ఇనుముకు తగిలిందంటే పట్టాల కరెంటు వెనక దారిన చిప్పులోకి దూరుతుంది. ఒక్క క్షణం చాలు. నేను ఇచ్చేటప్పుడు ఇది మోగలే. ఒక అడుగు పట్టా మీద, తక్కువ కరెంటుతో పరీక్ష చేసినాకనే పెద్ద పట్టాల మీద పెట్టినా. మీ ముందరే నడిపినా."

"మరి ఇప్పుడెట్ల మోగుతోంది?"

ఫెబీ మోటారును ఇంజన్‌కు బిగించిన పట్టీని వెలుతురులోకి తిప్పింది. చూసిన మరుక్షణం ఆమె చెవులు వేడెక్కాయి. "మామా, ఈ స్క్రూ ఏందో చెప్పండి."

బ్రహ్మం వంగి చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లుగా బియ్యపుగింజ కన్నా చిన్న స్క్రూలు విప్పిన మనిషి. "ఇత్తడిది. తల మీద గీత కొత్తగా గీరుకుంది. స్క్రూడ్రైవర్ కొంచెం పెద్దది వాడినారు, జారింది. ఇది నీ చేతి పని కాదమ్మా."

"నేను వేసింది నైలాన్ స్క్రూ. కరెంటు పోకూడదని అదే పనిగా తెప్పించినా. ఇంజన్‌లో ముందు నుంచీ ఉన్న ఇత్తడి స్క్రూను చిన్న కవర్లో పెట్టి, మీద 'ఇది వాడొద్దు' అని తెలుగులో రాసి ఇచ్చినా." అట్టపెట్టె అడుగున వెతికింది. కవర్ ఉంది. ఒక పక్క చిరిగి ఖాళీగా ఉంది. ఆమె అక్షరాలు అలాగే ఉన్నాయి. "నా దుకాణం నుంచి వచ్చినాక దీన్ని విప్పింది ఎవరు?"

"నాకేం తెలుసు? నేను విప్పలే," అన్నాడు ఆదిశేషు.

అప్పుడే ఆయన భార్య కన్యక కాఫీ తెచ్చింది. మూడు గ్లాసులు. బల్ల మీద పెడుతూ ఇంజన్ వంక చూసింది. "మళ్లీ విప్పినారా? గురువారమంతా దీన్నే ముందరేసుకోని కూచున్నారు. అన్నం కూడా చల్లారబెట్టినారు. ప్లాస్టిక్ స్క్రూ వేసి డబ్బులు మిగిలించుకుందని ఆ పిల్లను తిడతానే ఉండిరి గదా."

తెలియక అందో, తెలిసే అందో ఫెబీకి అర్థం కాలేదు. కన్యక ముఖంలో ఏమీ లేదు. గ్లాసు ఫెబీ చేతికే ఇచ్చి దిగి వెళ్లిపోయింది.

ఆదిశేషు నవ్వాడు. "సరేలే. ఏదో అయింది. చవక స్క్రూ వేసినావేమో అనుకున్నా. స్క్రూ మార్చినాక నడిపి చూసుకోకుండా అందరి ముందర పెట్టినా, అది నా పొరపాటే. ఇంకో డీకోడర్ తెప్పిస్తా. నువ్వే బిగించు."

"అంతేనా?"

"ఇంకేంది?"

"దొంగ అన్నారు."

"కోపంలో ఎన్నో అంటాం. మనసులో పెట్టుకుంటారా?"

ఫెబీ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "మీ కోపం రోడ్డు మీద, నలుగురి ముందర. నా కోపం మాత్రం మనసులో కూడా ఉండకూడదా? దొంగ అని ఎక్కడ అన్నారో అక్కడికే వచ్చి కాదని చెప్పండి. అప్పుడు బిగిస్తా."

"ఈ వయసులో నడిబజారులో నిలబడి నీకు క్షమాపణ చెప్పాలా?"

"క్షమాపణ వద్దు. నిజం చెప్పండి. పల్లెలోంచి వచ్చినోళ్లు అన్నారు గదా, దాని సంగతి మీరే ఆలోచించుకోండి. దాన్ని చెరిపే మాట మీ దగ్గర లేదు."

"ఈ ఊళ్లో రిపేరు చేసేది నువ్వొక్కదానివే అనుకున్నావా?"

"కాదు. పోయి చేయించుకోండి."

సామాను సర్దుకుని మెట్లు దిగింది. వీధిలోకి వచ్చాక బ్రహ్మం, "మరీ అంత గట్టిగా అంటివే," అన్నాడు.

ఆ తర్వాత బ్రహ్మమే ఊరంతా చెప్పాడు. టీ బంకు దగ్గర, మార్కెట్లో, గుడి దగ్గర, ఇత్తడి స్క్రూ మీద గీత ఎలా జారిందో చేత్తో గీసి చూపించి మరీ చెప్పాడు. వారం తిరిగేసరికి దుకాణంలో కూర్చుని కాపలా కాసేవాళ్లు మానేశారు. కాగితం రాయించుకున్నావిడ తన చెల్లెలి ఫోను కూడా తెచ్చింది. "మాకు ముందే తెలుసమ్మా, నువ్వట్లాంటిదానివి కాదని," అంది.

"తెలిసే రాయించుకున్నారా అక్కా?" అని అడిగింది ఫెబీ. ఆవిడ నవ్వేసింది.

తను చెప్తే ఎవరూ వినలేదు, బ్రహ్మం చెప్తే అందరూ విన్నారు. ఆ ముక్క అన్నిటికన్నా ఎక్కువ మండించింది. బ్రహ్మం మంచి చేశాడని తెలుసు. అతన్ని చూసినప్పుడల్లా కృతజ్ఞతతో పాటు చికాకు కూడా వచ్చేది. ఆ చికాకు న్యాయం కాదని తెలిసినా ఆపుకోలేకపోయేది.

ఆదిశేషు రెండో డీకోడర్ తెప్పించి సెల్ ఫోన్ దుకాణంలో ఒకతనికి ఇచ్చాడని, చప్పుడు వస్తోంది గానీ ఇంజన్ కదలడం లేదని, మూడు రోజులు తిప్పుకుని అతను చేతులెత్తేశాడని కబురు వచ్చింది. మోటారు తీగలు ఎక్కడ తప్పుగా కలిపి ఉంటాడో ఫెబీకి కూర్చున్నచోటే తెలుసు.

ఒక బుధవారం పొద్దున పది దాటాక ఆదిశేషు వచ్చాడు. నేరుగా దుకాణంలోకి రాలేదు. బంకు దగ్గర టీ తాగాడు, రెండో టీ కూడా తాగాడు. తర్వాత వచ్చి బల్ల ముందు నిలబడి, గొణిగినట్టు ఏదో అన్నాడు.

"వినపడలే," అంది ఫెబీ. నిజంగానే వినపడలేదు.

ఆదిశేషు గొంతు సవరించుకున్నాడు. ఆమె వైపు కాకుండా బ్రహ్మం దుకాణం వైపు తిరిగి, "ఆ స్క్రూ మార్చింది నేనే. అమ్మాయి పనిలో తప్పేం లేదు," అన్నాడు.

"నేను ఇక్కడున్నా శెట్టిగారూ."

ఇటు తిరిగాడు. టీ బంకు దగ్గర ఐదారుగురు ఉన్నారు. గ్లాసులు పట్టుకుని ఎవరూ తాగడం లేదు. ఆదిశేషు మెడ మీద చెమట కారింది. "నువ్వు దొంగతనం చేయలేదు. ఊరికే అన్నా," అన్నాడు. అని ఊపిరి వదిలి, సంచిలోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద మెల్లగా పెట్టాడు. "ఇప్పుడన్నా చేస్తావా?"

"చేస్తా. ఈరోజు కాదు. వచ్చే వారం రండి."

"ఇంకా కోపమేనా? చెప్పినా గదా, అందరి ముందర."

"చెప్పినారు, అందుకే తీసుకుంటున్నా. కోపం మాత్రం మీరు రమ్మంటే వచ్చింది కాదు, మీరు పొమ్మంటే పోవడానికి. కోపం తగ్గని ఈ చేత్తో వెంట్రుకంత తీగలు ఇప్పుడు సోల్డర్ చేస్తే తెగిపోతాయి."

శుక్రవారం చేతులు నిలిచాయనిపించాక మొదలుపెట్టింది. సెల్ ఫోన్ అతను మోటారుకు పోవాల్సిన నారింజ రంగు తీగను దీపం తీగతో కలిపాడు. అన్నీ విప్పి, ఒక్కొక్కటి మీటర్‌తో చూసి, మోటారు పట్టీకి కొత్త నైలాన్ స్క్రూ వేసి, స్పీకరు చుట్టూ పెట్టె మళ్లీ కట్టింది. బల్ల మీద అడుగు పట్టా వేసి మీట నొక్కింది. ముందు లోపల ఎక్కడో గుడుగుడు, అది పెరిగి పెరిగి బల్ల మీది స్క్రూలు కూడా అదిరే దాకా వచ్చి, అప్పుడు చక్రం కదిలింది. చప్పుడు ఎంత బాగా వచ్చిందంటే ఒక్క నిమిషం ఆదిశేషును మరిచిపోయింది. గుర్తు రాగానే మీట కట్టేసింది.

పైకప్పు బిగించి, దాని రెండు స్క్రూల తలల మీదా ఎర్రటి గోళ్ల రంగు ఒక్కో చుక్క వేసింది. ఫొటో తీసింది.

ఆదిశేషు వచ్చి ఇంజన్‌ను తిప్పి చూశాడు. "ఈ ఎర్ర చుక్కలేంది?"

"ఎవరన్నా విప్పితే అవి పగులుతాయి."

అతని ముఖం మాడింది. బంకు వైపు ఒకసారి చూశాడు. పెట్టె చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఫెబీ తర్లుపాడు నుంచి వచ్చిన బోరు స్టార్టర్‌ను ముందుకు లాక్కుని మూత విప్పడం మొదలుపెట్టింది.